మూడవవానికి వేసిన వోటు

"ఆయన మంచివాడే, కాని గెలువడు, ఆయనకిచ్చిన వోటు గంగపాలు" అను మాట ప్రతి యెన్నికకు ముందును జగిత్యాల బజారులోను, కోరుట్ల పసుపు కల్లములయొద్దను, సిరిసిల్ల మగ్గముల సందులలోను వినవచ్చుచునే యుండును. పామరులకంటె విద్యావంతులే యీ మాటను ఎక్కువ ధైర్యముతో పలుకుచుందురు. దీనిని లోకజ్ఞానమని తలంచువారు పెక్కుమంది. ఇది లోకజ్ఞానమో, లేక వోటరును రెండు దొడ్లలో ఏదో యొకదానికి తోలుటకై పెద్దపక్షములవారు చేతబట్టిన చెర్నాకోలయో విచారింపదగియున్నది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ చర్చ శతాబ్దమునకు మించి సాగుచున్నది. అచ్చటి లెక్కలు త్రోసివేయదగినవి కావు. 1912లో మాజీ అధ్యక్షుడగు థియొడోర్ రూజ్వెల్టు తన పాతపక్షమును విడిచి వేఱుపక్షమున నిలువగా ఆయనకు నూటికి 27, పాతపక్షపు అభ్యర్థియగు టాఫ్టునకు నూటికి 23 చొప్పున వోట్లు వచ్చినవి. ఇరువురి వోట్లును కలిపిన సగము. అయినను పదవి నూటికి 42 వోట్లు మాత్రమే తెచ్చుకొనిన విల్సనునకు దక్కినది. 1992లో రాస్ పెరోకు ప్రతి నూఱుగురిలో సుమారు 19 మంది వోటిచ్చిరి. అధ్యక్షుని ఎన్నుకొను ఎలెక్టర్లలో ఒక్కడును ఆయనకు దక్కలేదు. ఏలయన, అచ్చట దాదాపు ప్రతి రాష్ట్రమునందును ముందున్నవానికే ఆ రాష్ట్రపు ఎలెక్టర్లందఱును చెందుదురు. 2000లో ఫ్లోరిడాలో బుష్షునకును గోరునకును నడుమ వ్యత్యాసము 537 వోట్లు. మూడవవాడగు రాల్ఫ్ నేడరునకు అచ్చట పడినవి 97 వేలకు పైబడిన వోట్లు. నేడరు నిలువకున్నచో గోరు గెలిచియుండెడివాడని డెమొక్రాట్లు నాటినుండి నిష్ఠూరమాడుచునే యున్నారు. ఆ దేశమున మూడవపక్షము పైకివచ్చి పెద్దపక్షముగా నిలిచినది ఒక్కమాఱే. 1854లో పుట్టిన రిపబ్లికను పక్షము, బానిసత్వ వివాదమున విగ్గు పక్షము చీలి నశించుచుండగా దాని స్థానము నాక్రమించి, 1860లో లింకనును గెలిపించినది.

ఆ లెక్కలను యథాతథముగా మన యింటికి తెచ్చుకొని బెదరుట మాత్రము తగదు. జగిత్యాల, కోరుట్ల శాసనసభా నియోజకవర్గములు నిజామాబాదు లోకసభ స్థానమున చేరినవి; సిరిసిల్ల కరీంనగరమున చేరినది. 2014లో ఈ రెండు స్థానములలోను తెలంగాణ రాష్ట్ర సమితి మొదటిది, కాంగ్రెసు రెండవది, భారతీయ జనతా పక్షము మూడవది. 2019లో రెండింటను గెలిచినది ఆ మూడవపక్షమే. 2024లో రెండింటను మూడవస్థానమునకు జాఱినది 2014నాటి మొదటి పక్షమే. పేరు మాత్రము భారత రాష్ట్ర సమితి యని మాఱినది. 2014లో మూడవవానికి వోటిచ్చినవారిని చూచి జాలిపడిన విజ్ఞులు కొందఱు 2024లో తామే మూడవవానికి వోటిచ్చినవారైరి! ఢిల్లీలో రాజ్యమేలు పక్షమును చిన్నపక్షమనుట యెట్లని కొందఱు ఆక్షేపింపవచ్చును. ఆ యాక్షేపణ కొంత నిజమే. కాని తెలంగాణ రాష్ట్ర సమితియు 2001లో పుట్టినప్పుడు రెండు మహాపక్షముల నడుమ చొచ్చుకొనివచ్చిన మూడవపక్షమే కదా. పదమూడేండ్లకు అదియే రాష్ట్రమును పాలింపజొచ్చినది. కాబట్టి మన ప్రాంతమున మూడవవాడనగా నిన్నటి లెక్కలో మూడవవాడు మాత్రమే. రేపటి లెక్క ఎవరి చేతిలోను వ్రాసిపెట్టియుండలేదు.

ఇంతకంటె సూటియైన సాక్ష్యము సిరిసిల్లలో నున్నది. 2009 శాసనసభ యెన్నికలలో అచ్చట తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థియగు కల్వకుంట్ల తారకరామారావుగారికి 36,783 వోట్లు వచ్చినవి. రెండవస్థానమున నిలిచినది ఏ మహాపక్షమువారును గారు. స్వతంత్రుడుగా పోటీచేసిన కె. కె. మహేందర్ రెడ్డిగారు. ఆయనకు వచ్చినవి 36,612. వ్యత్యాసము 171. ఎనుబదియాఱుగురు వోటర్లు ఇటునుండి అటు మఱలియున్నచో ఫలితము తలక్రిందులయ్యెడిది. ఇందు ఎవరు యోగ్యులను విచారణ మాకు పనిలేదు. మేమడుగునది ఒక్కటే: "స్వతంత్రుడు గెలుచునా?" అని చప్పరించి వోటును వేఱొకచోట వేసివచ్చినవారు ఆనాడు సిరిసిల్లలో ఎనుబదియాఱుగురైనను లేకుందురా? వ్యర్థమను జోస్యము పెక్కుచోట్ల తన్ను తానే నిజము చేసికొనును. అభ్యర్థి గెలువడని నమ్మి వోటీయనివారు కారణముగా అభ్యర్థి గెలువడు. పిమ్మట "చూచితిరా, మేము చెప్పలేదా" అని వారే పలుకుదురు. అదే లెక్కను ఇంకొక వైపునుండియు చూడవలెను. ఆనాడు ఈ ఇరువురినిగాక తక్కినవారికి వేలకొలది వోట్లు పడినవి. ఆ వోటర్లు ఈ ఇరువురిలో ఒకరిని మిక్కిలి వలదనుకొనియుండినచో, వలదనుకొనినవారిని వారింపగల సాధనము వారి చేతిలోనే యుండి జాఱిపోయినది. ఇట్లు ఒకే యెన్నిక రెండు పాఠములను చెప్పుచున్నది. వానిలో ఒకదానినే వల్లించుట పక్షపాతము.

ఇక పసుపు రైతుల మాట. ఈ విషయమున దేశమంతయు నేర్చుకొనదగిన ఉదాహరణము మన ప్రాంతముననే జరిగినందున కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఆర్మూరు, బాల్కొండ మొదలుకొని కోరుట్ల, జగిత్యాల వఱకు గల నేల పసుపు పంటకు ప్రసిద్ధి. పసుపు తొమ్మిదినెలల పంట. విత్తనపు కొమ్ములకు, ఎరువునకు, త్రవ్వకమునకు, ఉడుకబెట్టుటకు, ఆరబెట్టుటకు పెట్టుబడి అధికము. వరికి ఉన్నట్లు దీనికి ప్రభుత్వము ప్రకటించు కనీస మద్దతు ధర లేదు. వచ్చిన పంటను నిజామాబాదు మార్కెట్టు యార్డులో వ్యాపారి చెప్పిన ధరకు తెగనమ్ముకొనుటయే గతి. పసుపు బోర్డు తెత్తుమను వాగ్దానము ఏండ్లతరబడి వినివిని రైతులు విసిగియుండిరి. క్వింటాలు పసుపునకు 15,000 రూపాయలు, ఎఱ్ఱజొన్నకు 3,500 రూపాయలు ఇప్పింపవలెనని 2019 ఫిబ్రవరిలో ఆర్మూరుయొద్ద జాతీయ రహదారిపై బైఠాయించిరి. ధర రాలేదు, పోలీసువారు వచ్చిరి. అప్పుడు వారు మఱొక దారి త్రొక్కిరి. ఆ ఏప్రిలులో జరుగనున్న లోకసభ యెన్నికకు తామే నామినేషన్లు వేసిరి, ఒకరిద్దఱు గాదు, 170కి పైగా!

అభ్యర్థుల సంఖ్య 185కు చేరినది. ఎన్నికల సంఘమునకు దిక్కుతోచలేదు. ఒక్కొక్క పోలింగు కేంద్రమున 12 బ్యాలెట్ యూనిట్లను ప్రక్కప్రక్కన పేర్చి, వోటువేయు సమయమును ఉదయము 8 గంటలనుండి సాయంకాలము 6 గంటల వఱకు నిర్ణయించిరి. ఏప్రిలు 11వ తేదీన పోలింగు ముగిసినది. లెక్కలో భారతీయ జనతా పక్షపు ధర్మపురి అరవిందుగారికి 4,80,584, అప్పటి లోకసభ సభ్యురాలగు కల్వకుంట్ల కవితగారికి 4,09,709, కాంగ్రెసు అభ్యర్థి మధు యాష్కీగౌడుగారికి 69,240 వోట్లు వచ్చినవి. ఈ మువ్వురినిగాక తక్కినవారికందఱకును కలిపి పడినవి సుమారు లక్ష. గెలుపు వ్యత్యాసము 70,875. చెల్లిన వోట్లలో ఆఱవవంతునకు మించి తెచ్చుకొనినవారికిగాని ధరావతు తిరిగి రాదు; కావున మొదటి ఇరువురికిదప్ప తక్కిన 183 మందికిని ధరావతు పోయినది. ఈ విషయమున రైతునకును మహాపక్షపు అభ్యర్థికిని సమానత్వము సిద్ధించినది!

ఈ లక్ష వోట్లు వ్యర్థమైనవా? గెలుపే ప్రయోజనమనువారి లెక్కలో ఒక్కటిగూడ మిగులలేదు. కాని రైతులు గెలువవలెనని నిలిచినవారు కారు. ఒకే కోరికతో నిలిచిన 170 మంది ఒకరితో నొకరు పోటీపడి గెలుచుట అసంభవమని వారికి తెలియదా? వారు వేసినది అర్జీ. ఆ యర్జీని వోటు యంత్రముపై నెక్కించుటచేత చదువక తప్పనిదిగా చేసిరి. కొందఱు రైతులు వారణాసికి పోయి ప్రధానమంత్రిపై నామినేషన్లు వేయుటకును సిద్ధపడుటతో పసుపు గోడు హిందీ పత్రికలకును ఎక్కినది. గెలిచినచో అయిదు దినములలో పసుపు బోర్డు తెత్తును, తేలేనిచో రాజీనామా యిత్తునని బాండు కాగితముపై వ్రాసియిచ్చిన అభ్యర్థియే ఆ యెన్నికలో గెలిచెను. లక్ష వోట్లు ఎవరినుండి చీలినవో కచ్చితముగా చెప్పుటకు ఎవరికిని శక్యముగాదు. కాని పసుపును తలపక నిజామాబాదులో వోటడుగుట ఇకమీదట సాధ్యము గాదని అందఱకును తెలిసివచ్చినది.

ఫలమెట్లున్నదో కూడ దాపరికము లేక చెప్పవలెను. అయిదు దినములు గడచినవి, ఏండ్లు గడచినవి. బోర్డునకు బదులు 2020లో సుగంధద్రవ్యముల బోర్డువారి ప్రాంతీయ కార్యాలయము వచ్చినది. 2023 అక్టోబరు 1వ తేదీన, శాసనసభ యెన్నికలు రెండు మాసములలో రానుండగా, ప్రధానమంత్రి మహబూబునగరు సభలో జాతీయ పసుపు బోర్డును ప్రకటించిరి. ఆ శాసనసభ యెన్నికలలో కోరుట్లనుండి నిలిచిన అరవిందుగారిని వోటర్లు ఓడించిరి. 2024 లోకసభ యెన్నికలో మరల గెలిపించిరి. నిజామాబాదు కేంద్రముగా బోర్డు పని ప్రారంభించినది 2025 జనవరి 14వ తేదీన. నామినేషన్లు వేసిన దినమునుండి లెక్కించిన దాదాపు ఆఱేండ్లు! అదియు బోర్డే గాని ధర గాదు. మద్దతు ధర జాబితాలో పసుపు చేరలేదు. 2024లో పసుపు ధర బాగుగా పెరిగినమాట నిజమే; అప్పటికి బోర్డు పని ప్రారంభించియుండలేదు. సాగు తగ్గి సరకు కొఱవడినందున పెరిగిన ధర యది. సాగు పెరిగిననాడు మరల ఏమగునో రైతునకు వేఱుగా చెప్పనక్కఱలేదు. మూడవవోటు అడిగినదానిలో సగము తెచ్చినది, ఆలస్యముగా తెచ్చినది. ఐనను రహదారిపై కూర్చుండినప్పుడు దొరకినది లాఠీ మాత్రమే యని మఱవరాదు.

ఇట్టి యర్జీకి పూర్వోదాహరణమును చూపినది నల్లగొండ. 1996లో ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిపోవుచున్న ఆ జిల్లావారు జలసాధన సమితి ప్రోద్బలమున వందలకొలది నామినేషన్లు వేయగా లోకసభ స్థానమునకు అభ్యర్థులు 480 మంది యైరి. బ్యాలెట్టు కాగితము పుస్తకమంత కావలసివచ్చినది. ఎన్నికనే వాయిదా వేసిరి. గెలిచినవారు కమ్యూనిస్టు నాయకులగు బొమ్మగాని ధర్మభిక్షముగారు. ఢిల్లీ ప్రభువులు ఆ సంవత్సరముననే చట్టమును సవరించి లోకసభ ధరావతును 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెంచిరి. స్వతంత్రుని ప్రతిపాదించుటకు పదుగురు వోటర్లు కావలెననిరి. పిమ్మట ధరావతు 25,000 రూపాయలైనది. వ్యర్థమైన వోటునకు ఎవరును ఇంతగా వెఱవరు. అది పనిచేయుచున్నదని గ్రహించినందుననే గుమ్మమును ఎత్తుచేసిరి. ఆ యెత్తైన గుమ్మమును సైతము 2019లో పసుపు రైతులు దాటిరి.

మూడవవోటునకు అసలు ప్రమాదము ఓటమిలో లేదు. గెలిచిన పిమ్మటనే యున్నది. 1971 లోకసభ యెన్నికలలో తెలంగాణ ప్రజాసమితి ఈ ప్రాంతపు 14 స్థానములలో పదింటిని గెలిచినది. కరీంనగరమున ఆ పక్షమునుండి ఎన్నికైనవారు ఎం. సత్యనారాయణరావుగారు. ప్రజలు ఏ పక్షమును వలదని వోటువేసిరో ఆ కాంగ్రెసులోనే ప్రజాసమితి ఆ సంవత్సరాంతములోపల కలిసిపోయినది. 2009లో ప్రజారాజ్యమునకు ఉమ్మడి రాష్ట్రమున నూటికి పదునాఱు వంతుల వోట్లును, 18 స్థానములును వచ్చినవి. 2011లో అదియు అదే గూటికి చేరినది. ఓడిన రైతు తన మాటను తనయొద్దనే యుంచుకొనెను. గెలిచిన నాయకుడు వోటర్ల మాటను మూటగట్టి అమ్ముకొనెను. మూడవవానికి వోటిచ్చువాడు "గెలుచునా?" యని అడుగుటకంటె "గెలిచిన నిలుచునా?" యని అడుగుట మేలు. ఆ పక్షము ఒక కోరికపై పుట్టినదా, ఒక వ్యక్తిపై పుట్టినదా యను విచారణ దీనికి కొంత సాయపడును. అయినను ప్రజాసమితి కోరికపై పుట్టినదే గనుక ఆ కొలబద్దయు పూర్తిగా నమ్మదగినది గాదు.

సిరిసిల్ల నేతపనివాని కష్టము వేఱు. 2017నుండి 2023 వఱకు బతుకమ్మ చీరెల ఆర్డరు ప్రభుత్వము నుండియే వచ్చుచుండినందున మరమగ్గముల యజమానులు, ఆసాములు, కార్మికులు సర్కారు కొనుగోలుపై ఆధారపడిరి. అట్టిచోట మూడవవానికి వోటనగా లెక్క తప్పుట మాత్రమే గాదు, కూడు తప్పుననెడి భయమునుగూడ పుట్టించును. వోటు రహస్యము గదా యందుము. వ్యక్తి వోటు రహస్యమే. కాని లెక్కింపు కేంద్రములవారీగా జరుగుచున్నందున ఏ వాడ ఎవరికి వేసినదో మఱునాడే పక్షములవారు కాగితముపై చూచుకొందురు. పలు కేంద్రముల వోట్లను కలిపి లెక్కించు పరికరమును వాడవలెనని ఎన్నికల సంఘము 2008లోను, లా కమిషను 2015లోను చెప్పినను ప్రభుత్వము అంగీకరింపలేదు. కావున ఈ భయమును ఉపన్యాసములతో పోగొట్టబూనుట వృథాప్రయాస. కోరికను వ్యక్తముచేయ నెంచిన నేతపనివారు ఒక వాడగా గాక సిరిసిల్ల పట్టణమంతయు ఒక్కటిగా కదలవలెను. పసుపు రైతులకు బలమిచ్చినది వారి సంఖ్యయే.

"నోటా" యను మీట గలదు గదా, దానిని నొక్కరాదా యని కొందఱు అడుగుదురు. 2013లో సుప్రీముకోర్టు తీర్పుచే వచ్చిన యీ మీట వలన ఫలితము మాఱదు. దానికి అందఱికంటె ఎక్కువ వోట్లు వచ్చినను తరువాతివాడే గెలుచును. పైగా దానిని నొక్కినవాడు ఏమి కోరెనో ఎవరికిని తెలియదు. పసుపు రైతునకు వేసిన వోటుపై "పసుపు" అని వ్రాసియుండెను.

వోటరును ఈ సంకటమున పడవేయునది అతని బుద్ధి గాదు. ఒకే గుర్తు పెట్టుమను పద్ధతి. ఇష్టమైనవానికి వేసిన, ఇష్టములేనివాడు గెలుచునేమోయను భయము ఆ పద్ధతికి సహజము. దీనికి మందు సముద్రములు దాటి వెదకనక్కఱలేదు. 1969లో రాష్ట్రపతి యెన్నికయందు వి. వి. గిరిగారు, నీలం సంజీవరెడ్డిగారు, ఇరువురును తెలుగువారే, తలపడగా సి. డి. దేశముఖుగారు మూడవవారుగా నిలిచిరి. మొదటి ప్రాధాన్యములో గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, దేశముఖుగారికి 1,12,769 విలువగల వోట్లు వచ్చినవి. ఎవరికిని సగము రాలేదు. దేశముఖుగారు మొదలగువారి వోట్లను రెండవ ప్రాధాన్యముచొప్పున పంచగా అందు అధికభాగము రెడ్డిగారికి చేరినను, తుదకు 4,20,077కు 4,05,427గా గిరిగారే నెగ్గిరి. దేశముఖుగారిని కోరినవారు తమ కోరికను చెప్పుకొనిరి. తుదిపోరులోను తమ మాట వినిపించిరి. వారినెవ్వరును వోటు వ్యర్థము చేసితిరని నిందింపలేదు.

ఎమ్మెల్యేలకు, ఎంపీలకు దక్కిన యీ సౌకర్యము జగిత్యాల, సిరిసిల్ల పట్టభద్రులకును ఉన్నది. మెదక్-నిజామాబాద్-ఆదిలాబాద్-కరీంనగర్ పట్టభద్రుల శాసనమండలి స్థానమునకు 2025 ఫిబ్రవరి 27వ తేదీన జరిగిన యెన్నికలో మొదటి లెక్కయందు ఎవరికిని చాలినన్ని వోట్లు రాలేదు. బహుజన సమాజ పక్షపు అభ్యర్థి అఱువదివేల వఱకు వోట్లతో మూడవస్థానమున నిలిచిరి. అడుగుననున్నవారిని ఒక్కొక్కరిని తొలగించుచు వారి వోట్లను రెండవ ప్రాధాన్యముచొప్పున పంచుచు పోగా భారతీయ జనతా పక్షపు అభ్యర్థి గెలిచిరి. లెక్క దినములతరబడి సాగినది. పట్టము చేతబట్టినవారి వోట్లే వేలకొలది చెల్లకపోయినవి; ఇది విద్యావంతులు కొంచెము సిగ్గుపడదగిన విషయము. అయినను మూడవవానికి మొదటి అంకె వేసినవాడు రెండవ అంకెతో తన రెండవ కోరికను కాపాడుకొనెను. ఆ సాయంకాలమే పట్టభద్రుడు తన పసుపు చేనికి పోయి ప్రక్కరైతుతో మాటాడినచో, అతనికి లేని హక్కు తనకేల కలిగినదో చెప్పలేడు.

లోకసభకు, శాసనసభకు ఈ పద్ధతిని తెచ్చుట పార్లమెంటు చేతిలోని పని. ఇప్పటి పద్ధతిలో గెలిచినవారు దానిని మార్చుదురని మేము ఆశపడము. కాని గ్రామపంచాయతీల, పురపాలక సంఘముల యెన్నికల విషయములను చట్టముచే నిర్ణయించు నధికారమును రాజ్యాంగము రాష్ట్ర శాసనసభకే యిచ్చినది. తెలంగాణలో 2019 పంచాయతీ యెన్నికలు, 2020 పురపాలక యెన్నికలు యంత్రములతో గాక కాగితపు బ్యాలెట్లతోనే జరిగినవి; అంకెలు వేయుటకు కాగితమే కావలెను గనుక క్రొత్త యంత్రముల ఖర్చును లేదు. సర్పంచి యెన్నికలో పక్షముల గుర్తులుండవు, అభ్యర్థులు నలుగురైదుగురుందురు, వోటర్లు వేయిరెండువేలు. లెక్క ఒక పూటలో తేలును. అంకెలు వేయరాని వోటరు మాటయేమని అడుగవచ్చును. ఒక్క అంకె వేసినను వోటు చెల్లునని నియమించిన ఆ చిక్కు తీఱును. జగిత్యాల, కోరుట్ల మండలములలో కొన్ని గ్రామములయందు, సిరిసిల్ల పురపాలక సంఘమునందు దీనిని ముందుగా పరీక్షించిచూచుటకు శాసనసభలో ఒక బిల్లు చాలును. ఆ బిల్లును ప్రవేశపెట్టుదురా లేదా యని ఈ మూడు పట్టణముల శాసనసభ్యులను రాబోవు సమావేశములకు ముందే వోటర్లు వ్రాతమూలకముగా అడుగవలెను.